కిరీటం థాయ్‌లాండ్‌కు పోయింది, చీర సూరత్ నుంచి వచ్చింది

2025 మే 31 రాత్రి హైదరాబాద్ హైటెక్స్‌లో మిస్ వరల్డ్ కిరీటం థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాత చువాంగ్‌శ్రీకి పెట్టారు. తెల్లారేసరికి నల్లగొండలో ఎవరిని కదిలించినా ఒకటే మాట. "మన దగ్గరనే పెట్టి, మన పైసలే పెట్టి, మనకే రాకపాయె!" టీ హోటల్లో ఒకాయన ఇంకాస్త ముందుకు పోయి, అంతా ముందే మాట్లాడుకున్నారని తేల్చేశాడు. క్రికెట్ ఓడినా ఆయన అదే మాట అంటాడు, అది వేరే సంగతి.

ఈ ఫిర్యాదులో నాకు పస కనిపించలేదు. కానీ ఆ పోటీకి ఇంకో ఫలితం కూడా ఉంది. అది హైటెక్స్ వేదిక మీద ప్రకటించింది కాదు, మా దగ్గరి బట్టల షాపుల్లో తేలింది. నేను రాయాలనుకున్నది దాని గురించే. ముందు మొదటి ఫలితం సంగతి చూసేద్దాం.

వచ్చింది 108 మంది. వాళ్లను నాలుగు ఖండాల గుంపులుగా విడదీశారు: ఆఫ్రికా, యూరప్, అమెరికా-కరేబియన్, ఆసియా-ఓషియానియా. ఒక్కో గుంపు నుంచి పదిమందిని తీసి నలభై చేశారు. తర్వాత గుంపుకు ఐదుగురు, ఆ తర్వాత ఇద్దరు, చివరికి ఒక్కరు. అంటే ఆఖరి నలుగురూ నాలుగు ఖండాల వాళ్లే అయ్యుండాలి. మన తరఫున నిలబడ్డ నందినీ గుప్తా రాజస్థాన్‌లోని కోటా నగరం అమ్మాయి. టాప్ మోడల్ పోటీలో మన ఖండం వరకు గెలిచి ముందుకొచ్చింది, ఇరవై మందిలో నిలిచింది. అక్కడ ఆసియా గుంపులో ఉన్నది భారత్, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, లెబనాన్, టర్కీ. రెండే సీట్లు. థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ తీసుకున్నాయి. కాబట్టి మన అమ్మాయి ఓడింది రెండో స్థానంలో వచ్చిన ఇథియోపియా హస్సెట్ డెరెజె చేతిలోనో, మూడో స్థానంలో వచ్చిన పోలండ్ మాయా క్లాయ్డా చేతిలోనో కాదు. నాలుగో స్థానం మార్టినీక్‌ది, ఆమెతో పోటీ పడే అవకాశమే మన అమ్మాయికి రాలేదు. వేరే పద్ధతిలో లెక్కేస్తే ఆఖరి నలుగురిలో ఇద్దరు ఆసియా వాళ్లు ఉండేవాళ్లేమో. పద్ధతి మంచిదా కాదా అని వాదించొచ్చు గానీ, మోసం అనడానికి మాత్రం వీల్లేదు.

గెలిచిన అమ్మాయి కూడా ఆషామాషీగా రాలేదు. అంతకు ఆరు నెలల ముందే మెక్సికోలో మిస్ యూనివర్స్ పోటీలో మూడో రన్నరప్‌గా నిలిచింది. పదహారేళ్లప్పుడు రొమ్ములో గడ్డ కనబడితే ఆపరేషన్ చేయించుకుంది. అది క్యాన్సర్ కాదు. అయినా ఆ భయం నుంచే రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కార్యక్రమం మొదలుపెట్టింది. మన ఊళ్లలో ఆడవాళ్లు ఆ గడ్డ సంగతి మొగుడికి కూడా చెప్పకుండా ఏడాది దాకా లాగుతారు. ప్రపంచం ముందు మైకు పట్టుకుని నాకూ గడ్డ వచ్చింది అని ఒక అమ్మాయి చెప్పడం చిన్న విషయమేమీ కాదు. ఆమెకు వచ్చినందుకు నాకేం బాధ లేదు. థాయ్‌లాండ్‌కు ఇదే మొదటి మిస్ వరల్డ్ కిరీటం, వాళ్ల సంబరం వాళ్లది.

మనకు ఇప్పటికే ఆరు ఉన్నాయి. 1966లో రీటా ఫారియా, 1994లో ఐశ్వర్యా రాయ్, 1997లో డయానా హెడెన్, 1999లో యుక్తా ముఖీ, 2000లో ప్రియాంకా చోప్రా, 2017లో మానుషి చిల్లర్. వీళ్లలో డయానా మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఆ ఏడాది ఇక్కడ ఎంతమందికి గుర్తుందో గానీ, ఏడో కిరీటం రాలేదని మాత్రం ఊరంతా అలిగింది.

ఇక రెండో ఫలితం.

ఆ మే నెలంతా అందగత్తెలను గుంపులుగా రాష్ట్రం తిప్పారు. దాంట్లో మన దక్షిణ తెలంగాణ వాటా బాగానే ఉంది. 12న బుద్ధపూర్ణిమ నాడు ఒక బృందం నాగార్జునసాగర్ బుద్ధవనానికి వచ్చింది. 15న కొందరు యాదగిరిగుట్టకు, కొందరు పోచంపల్లికి. 16న పాలమూరులోని పిల్లలమర్రి చెట్టు దగ్గరికి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిదీ పాలమూరే, అప్పటి పర్యాటక మంత్రి జూపల్లి కృష్ణారావుదీ పాలమూరే. అందుకే మన జిల్లాలకు ఇంత చోటు దొరికిందని కొందరన్నారు. అయితే అయిందనుకోండి, దాంట్లో తప్పేముంది? ఎప్పుడూ చార్మినార్, గోల్కొండేనా?

ఖర్చు మీద పెద్ద రగడ జరిగింది. ప్రభుత్వం మొత్తం 54 కోట్ల దాకా అని, అందులో సగమే రాష్ట్రం వాటా అని, మిగతాది స్పాన్సర్లు చూసుకుంటారని చెప్పింది. ప్రతిపక్షం 200 కోట్లు అంది. రామప్పలో అతిథుల కాళ్లు స్థానిక ఆడవాళ్లు కడగడం మీద ఇంకో గొడవ. మిస్ ఇంగ్లండ్ మధ్యలోనే వెళ్లిపోయి, తనను డబ్బున్న స్పాన్సర్ల ముందు ఆటబొమ్మలా కూర్చోబెట్టారని లండన్ పత్రికకు చెప్పడం మీద మరో గొడవ. నిర్వాహకులు ఆ మాటను ఖండించారు. ఈ గొడవలన్నిట్లో ప్రభుత్వం పట్టుకున్న సమాధానం ఒక్కటే: దీంతో తెలంగాణ ప్రపంచానికి కనబడుతుంది, పర్యాటకం పెరుగుతుంది, మన చేనేతకు పేరొస్తుంది.

నా పేచీ ఆ చివరి మాట దగ్గరే. కనబడితే మేలు జరుగుతుందని అందరం నమ్ముతాం. ఎవరికి మేలు అన్నది ఎవరూ అడగరు.

పోచంపల్లికే రండి. ఇక్కత్ నేతలో, అంటే నూలుకే ముందు రంగులద్ది నేసే నేతలో, మగ్గం దాకా రావడానికి ముందే సగం పని అయిపోతుంది, ఆ సగమే అసలు కష్టం. పట్టు నూలును ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చెక్క మీద, నడుమ ఉన్న మేకు నుంచి అంచున ఉన్న ఒక్కో మేకుకు పోగు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ పోవాలని లెక్క చెబుతారు. ఈ పని దాదాపు అన్ని ఇళ్లలో ఆడవాళ్లదే. సాయంత్రానికి భుజం లేవదు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి ఆ నొప్పి పడుతుంటే చూడలేకనే ఆసు యంత్రం తయారు చేశాడు, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం వచ్చినా అది లేని ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఆసు అయ్యాక చిట్కి కట్టాలి. నూలు మీద గీతలు గీసుకుని, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. అద్దకంలో ముంచుతారు, ఆరబెడతారు, కొన్ని కట్లు విప్పుతారు, ఇంకొన్ని కడతారు, మళ్లీ వేరే రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఒక కట్టు అరంగుళం జరిగితే, చీర మీద ఏనుగు తొండం ఒక చోట, తల ఒక చోట పడుతుంది. పుట్టపాక ఊళ్లో నేసే తేలియా రుమాలు గుడ్డలో ఇది పడుగుకూ పేకకూ, అంటే నిలువు పోగుకూ అడ్డపోగుకూ, రెండిటికీ చేయాలి. నేసేటప్పుడు రెండూ ఒకే చోట కలవాలి. కలవకపోతే అది పాడైన ముక్కే. ఒక పడుగు పోస్తే ఏడెనిమిది చీరలు దిగుతాయి. దానికి ఇంటిల్లిపాదీ నెల దాటి కూర్చోవాలి. కూలి లెక్కేస్తే మాస్టర్ వీవర్, అంటే నూలిచ్చి నేయించుకునే ఆసామి, చేతిలో పెట్టేది ఇంటికి, ఒక్కొక్కరికి కాదు. ఆసు పోసిన ఆమెకు విడిగా జీతం అనేది ఉండదు.

అందగత్తెలు వచ్చిన రోజు ఇదంతా వరుసగా చూపించారు. వాళ్లు శ్రద్ధగానే చూశారు, నేను టీవీలో చూశాను. కొందరు అడిగి తెలుసుకున్నారు. నాకు వాళ్ల మీద ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు ఆ ఫొటోలు ఆ సాయంత్రం నుంచి ఏం చేశాయన్న దాని మీద.

మా అక్కకు నల్లగొండలో చిన్న చీరల షాపు. జూన్‌లో పెళ్లిళ్లు లేకున్నా మనుషులు రావడం మొదలైంది. ఒకామె ఫోన్ ముందుకు జరిపి, "అక్కా, గీ మిస్ వరల్డ్ చీర ఉన్నదా?" అంది. ఫోన్లో ఉన్నది ఎరుపు మీద తెలుపు చౌకళ్లు, నల్ల అంచు, అచ్చమైన పోచంపల్లి డిజైను. అక్క చేనేత సంఘంలో తెచ్చిన పట్టు చీర తీసి పరిచింది. ధర విని ఆమె నవ్వింది.

"ఎనిమిది వేలా? గా మూల షాపుల ఆరువందల యాభైకి ఇస్తున్నరు, గిదే చీర."

"గది ప్రింటు, వదినా. సూరత్‌ల గుద్దింది."

"ప్రింటైతేంది, కట్టుకుంటే గట్లనే కనబడ్తది గదా!"

అక్క దగ్గర జవాబు లేక కాదు. చీర కొసను తిప్పి చూపించింది. ఇక్కత్‌లో నూలుకే రంగు పడుతుంది కాబట్టి ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. ప్రింటు చీరను తిప్పితే వెనక వెలిసిపోయినట్టు ఉంటుంది. ఇంకోటి, నేసిన డిజైను అంచులు కత్తిరించినట్టు ఉండవు. రంగులు ఒకదాంట్లోకి ఒకటి కాస్త పాకినట్టు, రెక్కలు విదిలించినట్టు ఉంటాయి. అంచులు మరీ గీత గీసినట్టు ఉంటే అనుమానించాలి. ఆమె అంతా విని, బాగుందని చెప్పి, మూల షాపుకు పోయింది. నేను ఆమెను తప్పు పట్టను. ఆమెకు ఎనిమిది వేలు పెట్టే స్తోమత లేదు, అంతే. పైగా ఆమెను రప్పించింది ఫొటో. ఫొటోలో కనబడేది డిజైను. ఆసు పోసిన భుజం ఫొటోలో కనబడదు.

మూల షాపాయనకు మాత్రం ఫొటో ఎంతో మేలు చేసింది. మే 15న ఫొటోలు వచ్చాయి, జూన్‌కల్లా ప్రింట్లు బేళ్లకు బేళ్లు దిగాయి. పోచంపల్లిలో ఆ రోజు ఆసు మొదలుపెట్టినా చీర మగ్గం దిగేసరికి జూలై అవుతుంది. ప్రచారం పుట్టించిన గిరాకీ ఎవరు ముందు సరుకు దింపితే వాళ్లదే. తొందరగా తయారయ్యేది నకిలీ. అందుకే చేతిపనికి ఊరికే ప్రచారం చేస్తే, ముందు బాగుపడేది దాన్ని కాపీ కొట్టేవాడు.

చట్టాలు లేవా అంటారు. ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05 నాటికే భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతం సరుకుకే చెందుతుందన్న ముద్ర, వచ్చింది. గద్వాలకు, నారాయణపేటకు ఆ తర్వాత వచ్చింది, తేలియా రుమాలుకు 2020లో. చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ 1985లో చట్టం కూడా చేశారు. వాటిని మరమగ్గం మీద నేయకూడదు. కానీ మిల్లు గుడ్డ మీద బొమ్మ గుద్దడం నేయడం కిందికి రాదు. "పోచంపల్లి" అని రాస్తే పట్టుకోవచ్చు, "పోచంపల్లి మోడల్" అనో "ఇక్కత్ ప్రింట్" అనో రాస్తే ఎవరు పట్టుకుంటారు?  (మరమగ్గం మీద రంగు నూలుతో నేసే నకిలీ ఇంకో తలనొప్పి. దాన్ని వెనక్కి తిప్పి చూసినా దొరకదు. ఇప్పుడు అందులోకి పోను.)

పోచంపల్లి ప్రపంచానికి కనబడటం ఇది మొదటిసారి కూడా కాదు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అంతకు చాలా ముందు, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే ఆ ఊరికి వచ్చినప్పుడు, భూమి లేని దళితులు ఆయన్ను 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం అక్కడే పుట్టింది. అదే ఏడాది లండన్‌లో ఎరిక్ మోర్లీ అనే ఆయన బికినీ పోటీ ఒకటి పెట్టాడు, పత్రికలు దానికి మిస్ వరల్డ్ అని పేరు పెట్టాయి. ఈ రెండు సంగతులకూ సంబంధమేమీ లేదు. ఊరికే చెప్పానంతే. అయితే పోచంపల్లిలో ఆ రోజు అడిగినవాళ్లు ఏం కావాలో లెక్కతో సహా అడిగారు. ఎనభై ఎకరాలు: నలభై మాగాణి, నలభై మెట్ట.

అడగడం సంగతి వచ్చింది కాబట్టి, నల్లగొండ వాళ్లు లోక్‌సభ చరిత్రలోనే అతి పెద్ద పోటీ పెట్టిన సంగతి చెప్పాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. జలసాధన సమితి పిలుపు అది, దాని వెనక బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చిన దుశ్చర్ల సత్యనారాయణ. సమితి వాళ్లెవరూ గెలవడానికి నామినేషన్ వేయలేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో బోరు నీళ్ల నిండా ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటే, చాలా బోర్లలో దానికి ఎన్నో రెట్లు. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లే తాగిన పిల్లలకు పళ్లు గార పట్టి, కాళ్లు వంకరపోయి, నడుము వంగిపోయేది. కృష్ణా నీళ్లు పక్క నుంచే పోతున్నాయి, మా నోట్లోకి రావట్లేదు, ఎవరూ మమ్మల్ని చూడట్లేదు అన్నది వాళ్ల గోడు. నామినేషన్ డిపాజిట్ అప్పట్లో 500 రూపాయలే. అందరూ తలా ఒకటి వేశారు.

ఎన్నికల సంఘానికి చుక్కలు కనబడ్డాయి. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా పడింది. దేశమంతా ఇదేం ఊరురా అని తలతిప్పి చూసింది. చివరికి గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. సమితి అభ్యర్థులకు డిపాజిట్లు పోయాయి. కానీ ఫ్లోరైడ్ అనే మాట ఢిల్లీలో అందరి నోటా పడింది. కొన్నేళ్ల తర్వాత ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన ఒక యువకుణ్ణి తీసుకుపోయి ప్రధాని వాజ్‌పేయి ఎదుట టేబుల్ మీదనే పడుకోబెట్టారు. చూడండి, ఇదీ సంగతి, నీళ్లియ్యండి అన్నారు. ఆ తర్వాతి ఏళ్లలో కృష్ణా నీళ్లు వచ్చాయి. ఆలస్యంగా వచ్చాయి, అన్ని ఊళ్లకూ ఒకేసారి రాలేదు, అయినా వచ్చాయి.

అదే 1996లో, నవంబర్ 23న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో మిస్ వరల్డ్ జరిగింది. 88 మంది పోటీదారులు. వ్యతిరేకించిన వాళ్లలో ఒకతను ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. స్విమ్‌సూట్ రౌండును సీషెల్స్ దీవులకు మార్చాల్సి వచ్చింది. గెలిచింది గ్రీసు అమ్మాయి ఐరీన్ స్క్లీవా. ఆ గొడవంతా మన సంస్కృతి ఏమైపోతుందన్న దాని మీదే. ఒక వైపు వాళ్లు సంస్కృతి మండిపోతోందన్నారు, ఇంకో వైపు వాళ్లు దేశానికి పేరు, పెట్టుబడి అన్నారు. రెండు పక్షాలూ ఆ అమ్మాయిల గురించే మాట్లాడాయి గానీ, మనకు ఇందులో ఏం కావాలి అని ఎవరూ ఒక మాట ఖాయం చేసుకోలేదు. అందుకే ఆ పోటీ పోయాక బెంగళూరులో గొడవ తప్ప ఏం మిగిలిందో చెప్పడం కష్టం. 480 మంది నిలబడి, దాదాపు అందరూ డిపాజిట్లు పోగొట్టుకున్న నల్లగొండకు మాత్రం నీళ్లు మిగిలాయి.

నిజామాబాద్ పసుపు రైతులు ఈ నల్లగొండ దారినే పట్టుకున్నారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 185 మంది నిలబడ్డారు, దాదాపు అందరూ రైతులే. మాకు పసుపు బోర్డు కావాలి, మద్దతు ధర కావాలి అన్నారు. డిపాజిట్ అప్పటికి 25 వేలు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ధర సంగతి ఇంకా తేలలేదు, బోర్డు మాత్రం వచ్చింది.

అందాల పోటీని నేను సంస్కృతి పేరుతో తిట్టను. అమ్మాయిలు వాళ్ల ఇష్టంతో వచ్చారు, వాళ్ల కష్టం వాళ్లది. నా పేచీ అది కాదు. నవ్వు మీద మార్కులు వేసే పోటీ మన జిల్లాకు వచ్చినప్పుడు నాకు మర్రిగూడ వైపు ఆడవాళ్లు గుర్తొచ్చారు. ఇప్పటికీ నలభై దాటినవాళ్లలో చాలామంది నవ్వేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. సిగ్గుతో కాదు, గార పట్టిన పళ్లు కనబడకుండా. వాళ్ల పిల్లలు పెట్టుకోవడం లేదు. ఈ మార్పు ఒక పోటీ వల్లే వచ్చింది, ఆ పోటీలో మార్కులు మనమే వేశాం.

2025లో మార్కులు మన చేతిలో లేవు. పోనీ, ప్రశ్నయినా మన చేతిలో ఉండాల్సింది. ఇంతమంది స్పాన్సర్లు వచ్చారు కదా, ప్రతి ఒక్కరూ తమకు ఏం కావాలో కాగితం మీద రాయించుకునే వచ్చారు. హోటల్ వాళ్లు పేరు రాయించుకున్నారు, నగల వాళ్లు ఏ నగ ఎవరు పెట్టుకోవాలో రాయించుకుని ఉంటారు, చానల్ వాళ్లు ప్రసార హక్కులు రాయించుకున్నారు. ఊరికే వచ్చి ఊరికే నిలబడ్డది పోచంపల్లి ఒక్కటే. చేనేత సంఘాలను ముందే కూర్చోబెట్టి అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లో ఊహించడం కష్టమేం కాదు. ఆర్డర్ ముందు ఇవ్వండి, ఫొటో తర్వాత తీయండి. జనవరిలో ఆర్డర్ ఇచ్చి ఉంటే మే నాటికి చీరలు తయారై, ఫొటోలు వచ్చిన రోజే సంఘం షాపుల్లో సరుకు ఉండేది. ఫైనల్ రాత్రి ఆ నలుగురిలో ఒక్కరైనా ఇక్కత్ కట్టుకుని వేదికెక్కేలా ఒప్పందంలో రాయించి ఉండొచ్చు. చీర అక్కర్లేదు, గౌనే కుట్టించండి. చీర తిప్పి చూడటం ఎలాగో అర నిమిషం వీడియో తీసి ఆ అమ్మాయిల చేతే చెప్పించి ఉంటే, వాళ్ల లక్షలమంది ఫాలోవర్లు అది చూసేవాళ్లు. ప్రింటు అమ్మే మూల షాపాయనకు అప్పుడు చెమట పట్టేది.

ఒక మిత్రుడు నాతో గట్టిగానే వాదించాడు. "అతిథులను పిలిచి వాళ్ల ముందు డిమాండ్లు పెడ్తమా భయ్? మర్యాద అనేది ఉండొద్దా?" మర్యాద ఉండాలి. కానీ అతిథి అంటే పిలుపుకు వచ్చి తిని పోయేవాళ్లు. ఇది వ్యాపారం, రెండు పక్షాలూ సంతకాలు పెట్టిన వ్యాపారం. సంతకం పెట్టే చోట మర్యాదకు నోరు మూసుకుంటే, తర్వాత కాళ్లు కడగాల్సి వస్తుంది.

పిల్లలమర్రికీ ఇదే లెక్క. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు, నాలుగు ఎకరాల దాకా ఊడలు దిగి పాకింది. 2017 చివర్లో చెదలు తిని ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. అప్పుడు అధికారులు చెట్టుకు సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు, ఊడలకు గొట్టాలు కట్టారు, జనాన్ని రానివ్వలేదు. ఆ సెలైన్ బాటిళ్ల కథే ప్రపంచమంతా తిరిగింది, ఏ అందగత్తె రాకముందే. ఆ చెట్టుకు ఎక్కువ మంది రావడం మంచిది కాదు. వేళ్ల మీద ఎంత తక్కువ అడుగులు పడితే అంత నయం. దాన్ని పర్యాటకానికి చూపించి, తీరా వచ్చినవాళ్లను కంచె బయట నిలబెడుతున్నాం. ప్రతి దానికీ జనం రావడమే కావాలా? పిల్లలమర్రికి కావాల్సింది జనం కాదు, ఏటా చెదల మందు, ఒక చెట్ల డాక్టరు, పైసలు. అది ఏ పోటీతో పని లేకుండా బడ్జెట్‌లో రాసుకునే విషయం.

బుద్ధవనం సంగతి వీటికి తేడా. అక్కడికి మనుషులు రావాలి. 2022లో తెరిచారు, 274 ఎకరాలు, మహాస్తూపం చూస్తే కళ్లు చెదురుతాయి. థాయ్‌లాండ్ లాంటి బౌద్ధ దేశాల అమ్మాయిలు ఆ రోజు అక్కడ నిలబడటం నిజంగా పనికొచ్చే ఫొటో. ఇప్పుడు గెలిచిందీ థాయ్‌లాండ్ అమ్మాయే. పర్యాటక శాఖ వాళ్లు నిద్రపోకపోతే, బ్యాంకాక్ నుంచి యాత్రికులను తెచ్చే ట్రావెల్స్ వాళ్లతో ఈపాటికి మాట్లాడి ఉండాలి. ఈ మొత్తం వ్యవహారంలో ఫలితం మనకు కలిసొచ్చిన చోటు అదొక్కటే అని నా అభిప్రాయం. ఏడో కిరీటం రాలేదని ఏడ్చేవాళ్లకు ఈ సంగతి తట్టలేదు.

పోచంపల్లికి మాత్రం పోటీ మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఊళ్లోకి పోయే రోడ్డు మీద, సంఘం షాపుల్లో, హైదరాబాద్ ఎగ్జిబిషన్ స్టాళ్లలో ఒక బోర్డు చాలు: ఎడమ పక్క నేసిన చీర ముక్క, కుడి పక్క ప్రింటు ముక్క, రెండిటినీ తిప్పి చూడటానికి వీలుగా. కింద రెండు వాక్యాలు, ఆసు ఎన్ని గంటలు, కూలి ఎంత. ఈ సంగతి మా అక్కకు చెబితే, ఆమె ఆ సాయంత్రమే మూల షాపుకు మనిషిని పంపి ఆరువందల యాభై చీర ఒకటి తెప్పించింది. దాన్ని అర మీటరు కోసి, తన పట్టు చీర పక్కన గాజు కౌంటర్ మీద పిన్ను పెట్టి తగిలించింది. గిరాకీ పెరిగిందా అంటే, కొంచెం. ఆరువందల యాభై చీర అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. కానీ వచ్చిన ప్రతి మనిషీ ఆ ముక్కను తిప్పి చూస్తోంది.